మగ్గం చాటు దగ్గు

కుంఠా నాకా, సోలాపూర్
నవంబర్ 1991

మరదలు పిల్లకు వదిన రాసేది,

అందరం బాగున్నామని మొదలుపెడితే ఆ వాక్యం దాటేసి కిందికి పోతావని నాకు తెలుసు. అందుకే అసలు కబురు ముందే రాస్తున్నాను. మీ వదిన సినిమా తీస్తోంది.

నవ్వడం అయ్యిందా? ఇప్పుడు చదువు.

పుణె నుంచి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. బీడీలు చుట్టే ఆడవాళ్లలోంచే కొందరిని ఏరి, ఆరోగ్యం మాటలు వాడకు చెప్పడం నేర్పుతారట. డాక్టరు వచ్చి చెబితే మనవాళ్లు తలూపి ఇంటికి పోతారు, పక్కింటామె చెబితే పోట్లాడుతూనైనా వింటారని వాళ్ల లెక్క. మన గల్లీ నుంచి ఎవరిని పంపాలని బీడీ కంపెనీ గుమ్మం దగ్గర అడిగితే అందరూ నా పేరే చెప్పారు. గౌరవంతో అనుకునేవు! మన గోడ పక్క గంగుబాయి మొదలుపెట్టింది. "గా బాలమణిని తీస్కపోండ్రి. పొద్దంత ఒర్రుతనే ఉంటది, గదేదో మీ మైకుల ఒర్రమనుండ్రి" అంది. దాని నోరు విని వాళ్లు దాన్ని కూడా తీసుకున్నారు. తిక్క కుదిరింది.

మాకు నేర్పే ఆమె పేరు యమునాబాయి. మరాఠీ మనిషి, కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ ఒక సంచి. తెలుగులో "మంచిది" అనే ఒక్క మాట పట్టుకుంది. ఎవరింట్లో పీనుగ లేచిందన్నా "మంచిది" అంటుంది. కానీ పనిమంతురాలు. మైకు మింగేసేలా కాకుండా జానెడు దూరం పెట్టి మాట్లాడటం, బొమ్మలు గీసి కథ చెప్పడం, చెప్పడం కన్నా ముందు అడగడం, అన్నీ నేర్పింది. ఇక కెమెరా అయితే భుజం మీద పెట్టుకుంటే ఏడాది పిల్లంత బరువు, ఏడవదు, అంతే తేడా. గంగుబాయికి దానిలో ఒక గుండీ దొరికింది. నొక్కితే దూరాన ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చేస్తారు. అప్పటి నుంచి అది ఎవరినీ దూరంగా ఉండనివ్వడం లేదు.

ఏ జబ్బు గురించి సినిమా కావాలో వాడనే అడగాలట. సరేనని మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఒకామె మొగుడు తాగకుండా ఉండే సినిమా కావాలంది. ఇంకొకామె అత్త నోరు మూతపడే సినిమా కావాలంది, పక్కనే అత్త కూర్చుని బీడీలు చుడుతుండగానే. చివరికి ఎక్కువ మంది చెప్పింది దగ్గు. పొగాకు దుమ్ము ఒకవైపు, నూలు దుమ్ము ఒకవైపు, ఆ రెండింటి చాటున టీబీ. మరి మీ ఇంట్లో ఎవరు దగ్గుతున్నారంటే మాత్రం అందరూ పక్కింటి వైపు వేలు చూపించారు. అలా గల్లీ అంతా తిరిగి మళ్లీ మొదటి ఇంటికే వచ్చాం.

మీ బాపుకు చెప్పాను. మామ టీ గ్లాసు కింద పెట్టి, "లోకంల లేని దగ్గు నీకే అచ్చిందా? బీడీలు సుట్టుకోరాదు" అని తువాల భుజాన వేసుకుని మగ్గాల కారఖానాకు పోయాడు. మీ అన్న రాజారాం చద్దర్ల మూటతో హైదరాబాద్‌లో తిరుగుతున్నాడు కాబట్టి ఇంట్లో నన్ను ఆపేవాళ్లు లేరు. ఉన్నా ఆగుతానా?

నీ వదిన,
బాలమణి


భివండీ
డిసెంబర్ 1991

సినిమా తీసే వదిన గారికి,

నీ చేతికి మైకు ఇచ్చినవాళ్లు మన గల్లీకి కొత్త కాబట్టి ఇచ్చారు. మా అన్న ఎందుకు హైదరాబాద్ పారిపోయాడో ఇప్పుడు తెలిసింది. ఇక్కడ నీ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆయన నూలు కండె చేత్తో పట్టుకునే నవ్వాడు. "మీ వదినె సినిమాకు గేటు కాడ చెవులల్ల వెట్టుకునే దూది అమ్ముతరా?" అని అడగమన్నాడు. అడిగాను.

నా కబురు ఇది. నాకు మళ్లీ కాన్పు. వైశాఖంలో. మొదటి కాన్పు నాటికి అమ్మ పోయి నెల కూడా కాలేదు, అందుకే ఇక్కడే జరిగింది. అప్పటి నుంచీ బాపు ఒకటే మాట, "ఈపారి నా ఇంట్లనే." ఆ మాట కోసమే నేనూ కాచుకుని ఉన్నాను. నీ చేతి పథ్యం తినడానికి ఇప్పటి నుంచే గుండె దిటవు చేసుకుంటున్నాను.

ఇక ఒక మాట. దసరాకు బాపు ఇక్కడికి వచ్చినప్పుడు గోడ వైపు తిరిగి దగ్గాడు. అడిగితే "గొంతుల నూలు నూగు వోయింది బిడ్డా" అన్నాడు. ఆ దగ్గు నాకు నచ్చలేదు వదినా. మా తాత అలాగే దగ్గి దగ్గి పోయాడు. బాపు కూడా అలా అయిపోతాడేమోనని నాకు భయంగా ఉంది. నువ్విప్పుడు దగ్గు చదువు చదివిన మనిషివి కదా, నిజం చెప్పు. బాపు దగ్గుతున్నాడా?

నీ మరదలు,
చంద్రభాగ


కుంఠా నాకా, సోలాపూర్
జనవరి 1992

చంద్రభాగా,

ముందు నీ మొగుడికి జవాబు. దూది అమ్ముతాం. ఆయనకు రెండింతల ధర.

నీ కాన్పు కబురు విని మామ గల్లీ అంతా తిరిగి చెప్పి వచ్చాడు. పథ్యం సంగతి వచ్చాక చూసుకుందాం. ఉప్పు నా చేతిలో ఉంటుందని మరచిపోకు.

దగ్గా? మన ఇంట్లోనా? మామ దగ్గగా నేను ఒక్కసారి వినలేదు. నా చెవిన పడకుండా మన ఒంటిగది ఖోలీలో ఎవరైనా దగ్గగలరా? పైగా ఈ మధ్య మామ మునుపటికన్నా హుషారు. రాత్రి షిఫ్టు కూడా తనే అడిగి తీసుకున్నాడు. గంగుబాయి నోరు నిద్రపోనివ్వదని పగలు కూడా కారఖానా అటక మీదే పడుకుంటున్నాడు. మగ్గాలు ఆపి సుట్టి ఇచ్చిన సెలవు రోజైనా ఇంట్లో ఉండడు. సిటీ బస్సెక్కి హోట్గి రోడ్ చివరిదాకా పోయి, అదే బస్సులో తిరిగి వస్తాడట. ఈ వయసులో షికార్లు! నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇప్పుడు నా ఏడుపు విను. సినిమా తీశాం. మామ పనిచేసే కారఖానాలోనే, నడుస్తున్న మగ్గాల ముందు నేను నిలబడి చెప్పాను. మనవాళ్లకు ఇది మన సినిమా అనిపించాలని ఆ చోటు నేనే అడిగాను. "నా మొఖం వడొద్దు" అని మామ ముందే హుకుం జారీ చేశాడు. "మీరు ఎనుక చీమంత కనవడ్తరు మామా, నడువుండ్రి" అంది గంగుబాయి. మోతలో నా గొంతు నాకే వినపడలేదు. యమునాబాయి ఫర్వాలేదంది. తర్వాత సంస్థ ఆఫీసులో తలుపులు మూసి, ఆ మోతంతా తీసేసి నా గొంతు అతికించారు. ఎంత శుభ్రంగా వచ్చిందో!

మగ్గాల సుట్టి నాడు సాయంత్రం గల్లీ మొగదల బల్ల మీద టీవీ పెట్టి చూపించాం. జనం కిటకిట. మామ కూడా అందరి వెనక నిలబడ్డాడు. నేను టీవీలో నిలబడి, "మూడు వారాలు దాటి దగ్గు ఉంటే తెమడ చూపించుకోవాలి, సిగ్గుపడొద్దు" అంటున్నాను. సరిగ్గా అక్కడ గల్లీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది! ముసలాళ్లు కూడా. ఒకాయన నవ్వలేక కూర్చుండిపోయాడు. నా చీర గానీ జారిందా అని టీవీలోకి చూశాను. లేదు. మన గంగుబాయి గుండీ నొక్కినట్టుంది, నేను సగం పోయి నా చెవి ఒకటి మిగిలింది, వెనక మామ ముఖం నిండుగా వచ్చింది. అంతే. దానికి అంత నవ్వా?

అంతకన్నా వింత, ఆ నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది. తర్వాత ఎవరూ నా ముఖంలోకి చూడలేదు. బొమ్మ అయ్యాక చూసినవాళ్లను అడగాలని యమునాబాయి పాఠం. ఏం చూశారు, ఏం అర్థమైంది అని అడిగాను. "చానా మంచిగున్నది" అన్నారు నేల చూస్తూ. "సిద్ధరాములు మంచిగ చేసిండు" అన్నాడు మామ జతగాడు పెంటయ్య కాక. మామకు అసలు వేషమే లేదు కదా! గంగుబాయిని అడిగితే దానికీ ఏమీ తెలియదు. తిరిగి చూస్తే మామ అప్పటికే వెళ్లిపోయాడు.

యమునాబాయి "మంచిది" అంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టుంది. వచ్చే నెల ఇంకో సినిమా తీయాలి. నా మాటలో ఏం తప్పుందో తెలియకుండా ఏ ముఖంతో తీయను? భివండీ వచ్చే చద్దర్ల లారీలో కేసెట్టు పంపుతున్నాను. చూసి, ఎక్కడ నవ్వు వస్తుందో దాచకుండా రాయి.

నీ వదిన,
బాలమణి


భివండీ
జనవరి 1992

వదినా,

కేసెట్టు అందింది. సుట్టి రోజు మధ్యాహ్నం వాడవాళ్లు సినిమా చూడటానికి వీసీఆర్ కిరాయికి తెస్తే, ముందు మా వదిన సినిమా అని పెట్టించాను. ఇక్కడ కూడా అక్కడే నవ్వారు. ఇక్కడ కూడా ఉన్నపళంగా ఆగిపోయారు.

నీ మాటలో తప్పు లేదు. చీర కూడా బాగుంది. కూర్చుని చదువు.

మగ్గాలు నడిచేటప్పుడు అరిచినా వినపడదు కదా. అందుకని ఆ మోతలో పుట్టి పెరిగినవాళ్లం గొంతు వాడం. పెదవులు చూసి మాట్లాడుకుంటాం. ఈ చివరి మగ్గం వాడు ఆ చివరి మగ్గం వాడితో పెళ్లి సంబంధాలు కూడా అలాగే ఖాయం చేసుకుంటాడు. మేం దాన్ని మగ్గం మాట అంటాం. నేను చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా తీసుకుపోయి, గుమ్మంలోంచే "కూర మాడింది" అని పెదవులతో చెప్పేదాన్ని. నువ్వూ గంగుబాయీ తెలంగాణ ఊళ్లలో బీడీల ఇళ్లలో పుట్టి ఇక్కడికి కోడళ్లుగా వచ్చారు, మీకది రాదు. నువ్వు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నీ పప్పు గురించి నేనూ బాపూ నీ ఎదుటే ఎన్ని మాట్లాడుకున్నామో! మేం లోపల దేవుణ్ణి తలచుకుంటున్నామనుకుని నువ్వు ఇంకో గరిటె వేసేదానివి.

మీ వాళ్లు మోతను తీసేశారు. పెదవులను తీయలేదు. గంగుబాయి గుండీ నొక్కి వాటినే దగ్గరికి తెచ్చింది. మగ్గం మాటను బయట చెప్పకూడదని మా వాళ్ల కట్టు, అందుకే గల్లీలో నీకెవరూ చెప్పలేదు. నేను ఆ కట్టు తెంచుతున్నాను. నువ్వు "మూడు వారాలు" అనే దగ్గర బాపు పెంటయ్య కాకతో అన్నది ఇది:

"సూడు పెంటా, నా కోడలు లోకానికంత దగ్గు చెప్తున్నది. ఇంట్ల నా దగ్గు దానికి ఇనవడనే ఇనవడది. ఎట్ల ఇనవడ్తది? నేను మగ్గం నడిచినప్పుడే దగ్గుత. సుట్టి నాడు సిటీ బస్సెక్కి ఇంజన్ పక్కన కూసోని దగ్గుత. కండక్టర్ నన్ను సూడంగనే సీటు ఇడిసిపెడ్తున్నడు."

నవ్వింది ఇక్కడ. నేనూ నవ్వాను వదినా, ఏం దాచను. ఆ తర్వాత పెంటయ్య కాక ఏదో అన్నాడు. ఆయన వీపే కనిపిస్తుంది. దవాఖానకు పొమ్మని అని ఉంటాడు. బాపు ఇలా అన్నాడు:

"పోతె సేటుకు ఎరుకైతది, నా మగ్గాలు ఇంకోనికిస్తడు. బిడ్డకు ఎరుకైతె కాన్పుకు రాదు. పసిగుడ్డును నా చేతికియ్యరు. బిడ్డ అచ్చి పోనియ్యి, అటెన్క సూద్దాం. మొన్నైతె నెత్తురు గూడ వడ్డది."

వాడవాళ్లు సినిమా పెట్టుకున్నారు. నేను లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. ఏడుస్తూనే రాస్తున్నాను, అక్కడక్కడ సిరా అలుక్కుపోతే నీ కళ్లజోడు మార్చుకోకు. నువ్వు అడిగితే బాపు ఒప్పుకోడు, ఇంకో షిఫ్టు కూడా ఎక్కుతాడు. అడగకు. ఏదో ఒకటి చెయ్యి.

చంద్రభాగ


కుంఠా నాకా, సోలాపూర్
ఫిబ్రవరి 1992

చంద్రభాగా,

నీ ఉత్తరం వచ్చిన రోజు బీడీ ఆకులు తడిపి అలాగే వదిలేశాను. నా ఖోలీలో ఎవరూ దగ్గలేరని నీకు రాసింది నేనే కదా. సిగ్గు ఒకవైపు, మామ మీద కోపం ఒకవైపు. ఎంత ఆలోచించినా ఆ బస్సు ఒకటే గుర్తుకొస్తోంది. దగ్గడానికి టికెట్టు కొనుక్కున్న మనిషిని ఎక్కడైనా చూశామా?

అడగను. అడిగితే సిద్ధరాములు ఒప్పుకోడు. కానీ హీరో వేషమిస్తే?

మిగతాది జరిగాక రాస్తాను. నీ పప్పు లెక్క కూడా అప్పుడే తేలుస్తాను.

బాలమణి


కుంఠా నాకా, సోలాపూర్
మార్చి 1992

మరదలు పిల్లకు,

రెండో సినిమా అయ్యింది. అందులో నేను లేను, నా గొంతు కూడా లేదు. గల్లీకి అంతకన్నా ఏం కావాలి?

యమునాబాయికి మగ్గం మాట సంగతి మాత్రం చెప్పాను, మామ సంగతి చెప్పలేదు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మగ్గంవాళ్లకు మగ్గం మాటలోనే సినిమా తీద్దామంది. గొంతు లేకుండా, వట్టి పెదవులు. ఏం చెప్పాలో వాళ్లే తేల్చుకోవాలి.

నేను టీ గ్లాసు పట్టుకుని మామ దగ్గరికి పోయాను. "మామా, మొదటి సినిమాల మీరు మంచిగ చేసిండ్రని గల్లీ అంత అంటున్నది. గీ సినిమాల మీరే హీరో" అన్నాను. మామ టీ గ్లాసు వైపు చూసి, నా వైపు చూశాడు.

"హీరో ఏం జేస్తడు?"

"దగ్గు దాస్తడు మామా. అటెన్క దవాఖానకు పోతడు."

"హీరోయిన్ ఎవలు?"

"పెంటయ్య కాక."

"గట్లయితె జేస్త" అన్నాడు.

ఇక చూడు. మగ్గంవాళ్లంతా కారఖానా గుమ్మంలో కూర్చుని కథ తేల్చుకోవడం మొదలుపెట్టారు. దగ్గేవాడు దవాఖానకు పోతే వాడి మగ్గాలు ఎవరు నడపాలి అని పెద్ద రచ్చ. మూలుగుతూ మూలుగుతూ పెంటయ్య కాక లేచి, "నేనొక పూట జూస్త, సాయిలు ఒక పూట జూస్తడు, సినిమాల గదే పెట్టుండ్రి" అన్నాడు. సాయిలు, "సినిమాల ఎందుకుర, నిజంగనే జూస్త" అన్నాడు. అందరూ మామ వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో! నేను నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మరి సేటు వేషం ఎవరు వేయాలి? నిజం సేటే వేస్తే బాగుంటుందని గంగుబాయి పోయి చెప్పి వచ్చింది. ఆయన ఇస్త్రీ ధోతి, తలకు అత్తరు నూనె, కొత్త టోపీతో దిగాడు. కెమెరా ముందు మామ భుజం మీద చెయ్యి వేసి, "పో, మందు దెచ్చుకో, నీ మగ్గాలు నీకే ఉంటయ్" అన్నాడు. గంగుబాయి గుండీ నొక్కి ఆయన పెదవులను నిండుగా పట్టుకుంది. బొమ్మ గల్లీలో వేసినప్పుడు ఆయన కూడా కుర్చీ వేసుకుని చూశాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ మాట ఎక్కడికి వెనక్కి తీసుకుంటాడు?

అసలు పని డబ్బీలో ఉమ్మే సీను. దవాఖాన నుంచి నిజం డబ్బీయే తెచ్చాను. పొద్దున్నే, ఏమీ తినకముందే తీయాలని, వెలుగు బాగుంటుందని అబద్ధమాడాను. "లోపల్నుంచి గట్టిగ దగ్గి ఉమ్మాలె మామా, లేకుంటే యాక్టింగ్ మంచిగ రాదు" అన్నాను. బాగా రాలేదని మళ్లీ చేయించాను. డబ్బీని కొంగు చాటున దాచి తీసుకుపోయి, గంగుబాయికిచ్చి దవాఖానకు పరుగెత్తించాను. దొంగతనం చేసినట్టే ఉంది, చేశాను కూడా.

టీబీయే, చంద్రభాగా. ఇదిగో, రాసేశాను. ఇప్పుడు డాక్టర్ మాట కూడా రాస్తున్నాను, దీన్ని నాలుగుసార్లు చదువు. మందు మధ్యలో ఆపకుండా మింగితే నయమవుతుంది. మింగడం మొదలుపెట్టాడు. మీ అన్నకు కబురు పంపాను, వస్తున్నాడు. నువ్వు వచ్చే నాటికి ఇంకోసారి తెమడ చూసి, పసిపిల్లను ఎత్తుకోవచ్చో లేదో డాక్టరే చెబుతాడు. ఎత్తుకోవచ్చనే ఆయన ధైర్యం చెప్పాడు.

కబురు చెప్పినప్పుడు మామ ఏమన్నాడో తెలుసా? "ఏందే, హీరోకు నిజంగనే బీమారి అచ్చిందా?" అని నోరు తెరిచి చూశాడు. పాపం! ఆయనను అలా మోసం చేసినందుకు బాధే కానీ, ఇంత బాగా మోసం చేయగలనని నాకే తెలియదు.

ఇక నీ పని. కేసెట్టు మళ్లీ లారీలో పంపాను. కథంతా అయ్యాక మామ ఒక్కడే కెమెరాలోకి చూస్తూ చాలాసేపు పెదవులు ఆడించాడు. అది కథలో లేదు. గల్లీలో ఈసారి ఎవరూ నవ్వలేదు. పెంటయ్య కాక తువాలతో కళ్లు తుడుచుకున్నాడు. అడిగితే ఒక్కడూ చెప్పడు. నా సినిమాలో ఏముందో నాకే తెలియకపోవడం ఇది రెండోసారి. రాయి.

బాలమణి


భివండీ
మార్చి 1992

వదినా,

చూశాను. మూడు రోజులు కిరాయి వీసీఆర్ మా ఇంట్లోనే పెట్టుకున్నాను. మా ఆయన వాడవాళ్లకు ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు.

నీకు చెప్పొద్దని బాపు అన్నాడు. అందుకే తప్పకుండా చెబుతున్నాను. బాపు మాట్లాడింది నాతో. నేను అన్నం డబ్బా తెచ్చినప్పుడు గుమ్మంలో నిలబడ్డ పిల్లతో మాట్లాడినట్టే, నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడిచి విడిచి చెప్పాడు.

"చంద్రీ, గీ కేసెట్టు నీ తాన్కి అస్తదని నాకెరుకే. మొదటిది గూడ అచ్చిందని ఎరుకే. నీ వదినె టీ గ్లాసు వట్టుకొని హీరో హీరో అనుకుంట అచ్చిననాడే నాకు సమజైంది. నా కోడలు వట్టిగ టీ ఇయ్యదు. డబ్బీల ఉమ్మింది యాక్టింగ్ కాదు బిడ్డా. నీ వదినె దాన్ని దొంగతనంగ కొంగుల వెట్టుకొని పోతుంటె సూడనట్టు అటు తిరిగిన. నన్ను మోసం జేసిన అని మస్తు ఖుషీగున్నది. అనుకోనియ్యి, చెప్పకు."

గంగుబాయి గుండీ నొక్కినట్టుంది, ముఖం ఇంకా దగ్గరికి వచ్చింది.

"గల్లీ అంత నవ్విననాడు నేను ఎనుక నిలవడి సూసిన. టీవీల ఎవడో ముసలోడు, దవడలు లోపటికి వోయి, అచ్చం మా అయ్య లెక్క ఉన్నడు. ఎవడా అనుకున్న. నేనే. నాకు నవ్వు రాలే బిడ్డా. భయమైంది. నిన్ను సూడకుంటనే పోతనేమో అని భయమైంది. గోలీలిస్తె మింగుత. కాన్పుకు రా."

అంతే, తర్వాత బొమ్మ అయిపోయింది.

నేను వస్తున్నాను వదినా. చైత్రంలోనే రైలెక్కుతాను. పసిపిల్లను ఎప్పుడు ఎత్తుకోవాలో డాక్టర్ చెప్పినట్టే చేద్దాం, అంతదాకా బాపు దూరం నుంచి మగ్గం మాటలో జోల పాడుతాడు. నువ్వు లేకపోతే బాపు ఆ బస్సులోనే పోయేవాడు. ఇది నవ్వులాటకు రాయడం లేదు.

నీ పప్పు కూడా తింటాను.

చంద్రభాగ


కుంఠా నాకా, సోలాపూర్
ఏప్రిల్ 1992

చంద్రభాగా,

నీ ఉత్తరం మామ ఎదుటే చదివాను. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. నేను మోసం చేశానని అనుకుంటున్నానని ఆయన అనుకుంటున్నాడు కదా, అనుకోనీ. ఖుషీగున్నాడు. నువ్వు కూడా చెప్పకు.

ఇంట్లో ఇప్పుడు దగ్గు వినిపిస్తోంది. రాత్రి షిఫ్టు మానేశాడు, సుట్టి నాడు ఇంట్లోనే ఉంటున్నాడు. మగ్గాలన్నీ ఆగి గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంటే, మామ గడపలో కూర్చుని, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దర్జాగా దగ్గుతాడు. దగ్గు మునుపటికన్నా తగ్గింది. గంగుబాయి గోడ అవతల నుంచి "మామా, ఇనవడ్డది" అని అరుస్తుంది.

పెంటయ్య కాక దగ్గర మగ్గం మాట నేర్చుకుంటున్నాను. ఇంకా ఒక్కొక్క మాటే వస్తోంది. ఇవాళ పొద్దున కారఖానా గుమ్మంలో నిలబడ్డాను. లోపల మగ్గాలన్నీ నడుస్తున్నాయి, ఆ చివర మామ ఉన్నాడు. గొంతు లేకుండా, పెదవులతో "గోలీ?" అన్నాను.

మామ కండె మార్చడం ఆపి నా వైపు తిరిగాడు. మింగానని నోరంతా తెరిచి నాలుక చూపించాడు.

బాలమణి